యాయాకి ఇంగ్లీషు రాకపోబట్టే...

గ్రీకులు అమ్మమ్మనైనా నాయనమ్మనైనా "యాయా" అంటారు, తాతని "పప్పూస్" అంటారు. మెల్‌బోర్న్‌లో పుట్టిన గ్రీకు పిల్లలకి ఇంకా గ్రీకు వచ్చిందంటే సగం క్రెడిట్ వీళ్ళదే.

కాస్త చరిత్ర చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధం, ఆ వెంటనే 1946-49 అంతర్యుద్ధం గ్రీసు పల్లెల్ని నాశనం చేశాయి. 1952లో ఆస్ట్రేలియాతో వలస ఒప్పందం కుదిరింది. వేలమంది ఓడలెక్కి వచ్చి ఫ్యాక్టరీల్లో చేరారు. షిఫ్టుల మధ్య ఇంగ్లీషు నేర్చుకునే తీరికెక్కడిది? 1980ల నుంచీ వాళ్ళే తాతలూ యాయాలూ అయ్యారు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకెళ్తే మనవళ్ళని చూసుకున్నదీ వాళ్ళే.

అసలు కిటుకు ఇక్కడుంది. శనివారం గ్రీకు బడంటే పిల్లలకి విసుగే. కానీ యాయాకి ఇంగ్లీషు అంతంత మాత్రం కాబట్టి ఆకలేసినా గ్రీకులోనే అడగాలి. ఈస్టరుకి ఎర్రగుడ్లు, మనవడికి తాత పేరు, ఇవన్నీ ఉపన్యాసాల్లేకుండానే వచ్చేశాయి. టీనేజిలో "ఇంతకీ నేనెవర్ని?" అన్న ప్రశ్న వచ్చేసరికి జవాబు సగం చేతిలోనే ఉండేది.

అయితే ఆ గ్రీకు 1950ల దగ్గరే ఆగిపోయింది, పైగా ఇంగ్లీషు కూడా కలిసింది. కారుని "కారో" అనేవాళ్ళు. గ్రీసులో కారో అంటే గుర్రబ్బండి!

ఇప్పుడా తరం వెళ్ళిపోతోంది. ఆస్ట్రేలియాలో ఇంట్లో గ్రీకు మాట్లాడేవాళ్ళు 2001లో 2 లక్షల 60 వేల పైనే, 2021లో సుమారు 2 లక్షల 30 వేలు.

ఇక మన సంగతి. అమెరికాకి ఆర్నెల్లకని వచ్చే మన అమ్మానాన్నల్లో చాలామందికి ఇంగ్లీషు వచ్చు. మనవడితో ఇంగ్లీషులో మాట్లాడి మురిసిపోతారు కూడా. ఆ ఆర్నెల్లూ వాళ్ళని తెలుగే మాట్లాడమని బతిమాలుకుంటే పోలా?