కుబుసము విడుచు వేళ

గోదావరీ ప్రాణహితా సంగమమున వెలసిన కాళేశ్వర క్షేత్రముతోఁ గూడి, పూర్వము కరీంనగరు జిల్లాలోను, 2016 నుండి భూపాలపల్లి జిల్లాలోను చేరియున్న మహదేవపూర్ వంటి అరణ్యసీమలు పాములకు పుట్టినిండ్లు. తెలుగు పల్లెల వీధులలో వెదురుబుట్టలు మోసికొని, సొరకాయబూర నూదుచు తిరిగిన పాములవారి విద్యకు మూలము అట్టి సీమలలోని పుట్టలే.

ఆ విద్యలో ఆడించుట స్వల్పము, పోషించుటయే కఠినము. లేబ్రాయపు పాము వేగముగాఁ బెరుగును గనుక పెద్దదానికంటెఁ దఱచుగా కుబుసము విడుచును. అంతకు మున్ను కొన్ని దినములు మేనివన్నె మాసి, కన్నులపై పాలపొర క్రమ్మి, చూపు మందగించి, ఆహారమును నిరాకరించుచు, చేయి సోఁకినంతనే బుసకొట్టును. అప్పుడు దానిని కదపక, కొంత తడియు, ఒరసికొనుటకు గరుకుతావును సమకూర్చి, పొర తనంత విడివడువఱకు ఓర్చుకొనవలెను. బలిమి నొలిచినచో క్రింది లేఁతచర్మము గాయపడును. కప్పయో ఎలుకపిల్లయో పెట్టుట ఆ పిదపనే.

పాలు మాత్రము దాని యాహారము కాదు. నాగపంచమినాఁడు బుట్టలోని పాము పాలు త్రాగుట, ముందు దినములలో నీరీయక మాడ్చుటవలనఁ గలిగిన దాహముచేతనే. ఈ క్రౌర్యమును భక్తి చిరకాలము కప్పిపుచ్చినదని నా తలంపు. 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో నాగుబామును పట్టి యాడించుట నేరమయ్యెను. బుట్టలు దింపినవారికి వేఱొక జీవనమును మాత్రము ఆ చట్టము చూపలేదు.