యుద్ధనౌక మీద కృష్ణజింక

విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడి దక్షిణం వైపు చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్ కనిపిస్తాయి. ఊరివాళ్లకు అది ఇంటి గుమ్మంలాంటిది. ఆ లైట్‌హౌసే ఒక యుద్ధనౌక చిహ్నంలోకి ఎక్కింది. 2021 నవంబర్ 21న ముంబైలో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం చిహ్నంలో ఆ దీపస్తంభంతో పాటు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక కూడా ఉంది.

163 మీటర్ల పొడవు, 7,400 టన్నుల బరువు, ఒంటి నిండా క్షిపణులు. ఇలాంటి నౌకకు జింక గుర్తేమిటని కొందరికి అనిపించవచ్చు. నాకు మాత్రం ఇంతకన్నా తగిన ఎంపిక కనిపించదు. కృష్ణజింక బలమంతా పరుగులోనే ఉంది. 30 నాట్లకు మించిన వేగంతో పోగల డిస్ట్రాయర్‌కు అంతకన్నా ఏం కావాలి? పైగా మగజింక ఒళ్లు చూడండి: నల్లటి వీపు, తెల్లటి పొట్ట, మెలికలు తిరిగిన పొడవాటి కొమ్ములు. ఎంత చిన్నగా గీసినా ఇట్టే పోల్చుకోవచ్చు.

చిహ్నం మొదటి పని అదే. దూరం నుంచి చూసినా ఇది ఫలానా అని తెలియాలి. మన రాజులకు ఈ సంగతి బాగా తెలుసు. తూర్పు చాళుక్యులు, కాకతీయులు వరాహాన్ని లాంఛనంగా పెట్టుకున్నారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే శాతవాహనులు రెండు తెరచాప కొయ్యలున్న ఓడను నాణేల మీద ముద్రించారు. వేలెడు కూడా లేని లోహపు బిళ్ల మీద రెండు కొయ్యలూ నేటికీ విడివిడిగా కనిపిస్తాయి.

ఓడకో చిహ్నం అనే నేటి పద్ధతి మాత్రం బ్రిటిష్ నౌకాదళం నుంచి వచ్చింది. మొదట్లో అక్కడా ఎవరికి తోచింది వాళ్లు గీయించుకునేవారు. 1917లో టవర్ అనే డిస్ట్రాయర్‌కు గుర్తు కావాలని లండన్ టవర్ ఆయుధశాల సంరక్షకుడు చార్లెస్ ఫోక్స్‌ను అడిగారు. ఆయన ఒక్క గుర్తు గీసి ఊరుకోలేదు, మొత్తం నౌకాదళానికే ఒక క్రమం ఉండాలని పట్టుబట్టాడు. 1918లో అందుకోసం ప్రత్యేక కమిటీ వచ్చింది. బ్యాటిల్‌షిప్‌లకు గుండ్రటి చట్రం, క్రూయిజర్లకు ఐదు కోణాలది, డిస్ట్రాయర్లకు డాలు ఆకారం అని నిర్ణయించారు. చట్రం చూస్తే ఓడ తరగతి, లోపలి బొమ్మ చూస్తే ఓడ పేరు తెలియాలన్నది ఆలోచన. ఫిరంగి గొట్టంలోకి నీళ్లు పోకుండా బిగించే బిరడా మీద కూడా ఆ బొమ్మను పోతపోసేవారు. బ్రిటిష్ చిహ్నాల నెత్తిన నౌకా కిరీటం ఉంటుంది. మన చిహ్నాల మీద అశోకుడి సింహాలు నిలబడ్డాయి.

పోల్చుకోవడం ఎంత ముఖ్యమో మన నౌకాదళం అనుభవంతో నేర్చుకుంది. 2001లో పతాకం మీది సెయింట్ జార్జ్ శిలువను తీసేసి తెల్లటి గుడ్డ మీద నీలిరంగు చిహ్నం పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ పైన ఆకాశం, కింద సముద్రం, రెండూ నీలమే. ఆ బొమ్మ వాటిలో కలిసిపోతోందని ఫిర్యాదులు వచ్చాయి. 2004లో ఎర్ర శిలువ తిరిగి వచ్చింది. అది శాశ్వతంగా దిగిపోయింది 2022 సెప్టెంబర్ 2న, కొచ్చిలో. అప్పుడూ నీలమే వాడారు. కానీ ఈసారి శివాజీ రాజముద్ర స్ఫూర్తితో చుట్టూ బంగారు రంగులో రెండు వరసల అష్టకోణం గీశారు. ఆ అంచు వల్లే బొమ్మ నిలబడిందని నా నమ్మకం.

ఐఎన్‌ఎస్ విశాఖపట్నం తోబుట్టువులకూ ఊరి ఆనవాళ్లే దక్కాయి. ఇంఫాల్ చిహ్నంలో కాంగ్లా ప్యాలెస్, కాంగ్లా-సా అనే పురాణ జంతువు ఉన్నాయి. సూరత్ చిహ్నంలో హజీరా దగ్గర 1836 నాటి లైట్‌హౌస్, గిర్ సింహం. దేశం నాలుగు మూలల నుంచి వచ్చిన నావికులు ఒకే ఓడలో బతుకుతారు. ఎక్కడో మణిపుర్ కుర్రాడు మన కొండ మీది దీపం బొమ్మను టోపీ మీద పెట్టుకోవడం చిన్న విషయమేమీ కాదు.

ఈ నౌక విధులు ఎక్కువగా పశ్చిమ తీరంలోనే. 2022 ఫిబ్రవరిలో ఫ్లీట్ రివ్యూకు తన పేరున్న ఊరికి వచ్చింది. మళ్లీ వచ్చినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లండి. క్షిపణుల కన్నా ముందు ఆ జింకను చూపించండి.