కనకవృష్టి, జలసూత్రము: విజయనగర మహిమోదయము, అస్తమయము

అనంతపుర మండలము వర్షచ్ఛాయయందున్న భూమి. పడమటి కనుమలు నైరృతి మేఘములను అడ్డగించును. తూర్పు సముద్రపు మేఘములు ఇంతదూరము వచ్చుసరికి రిక్తహస్తములగును. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము కురిసిన అది సువృష్టియే. పెన్నానది సంవత్సరములో అధికభాగము ఇసుకగనే దర్శనమిచ్చును. ఇట్టి శుష్కభూములను ఆశ్రయించియే ఒక మహాసామ్రాజ్యము రెండు శతాబ్దములకు పైగా వర్ధిల్లినది. అందుచేతనే జనులు దాని పుట్టుకను మానుషకార్యముగ గాక మహిమగ చెప్పుకొనిరి.

ఆ ఐతిహ్యము సుప్రసిద్ధము. దారిద్ర్యపీడితుడైన మాధవుడు లక్ష్మీదేవినిగూర్చి తపమాచరించెను. ఈ జన్మమునందు నీకు ఐశ్వర్యయోగము లేదని దేవి పలికెను. సన్న్యాసము ద్వితీయజన్మము గనుక ఆయన సన్న్యసించి విద్యారణ్యుడాయెను. అంతట కనకవృష్టి కురిసెను. కాని యతికి కాంచనముతో పనియేమి? ఆ ధనము హరిహర బుక్కరాయల రాజ్యస్థాపనకు వినియోగమాయెను. 1336వ సంవత్సరమున విజయనగరము వెలసినదని సంప్రదాయము.

ఈ కథలో బంగారము కురియుట అద్భుతమే. అంతకంటె అద్భుతము, దానిని కోరనివాడైన తరువాతనే అది కురియుట. యోగశాస్త్రము కూడ సిద్ధులను సమాధికి విఘ్నములుగ పరిగణించినది. శక్తి కోరికగలవానికి బంధమగును, విరక్తునిచేత లోకహితమగును. విజయనగర చరిత్రమంతయు ఈ సూత్రమునకు భాష్యమువలె నడచినది.

ఉదయకాలమున ఆ శక్తి రెండు ముఖముల ప్రవహించెను. ఒకటి విద్య. బుక్కరాయల ప్రోత్సాహముచే సాయణాచార్యులు వేదభాష్యరచనకు పూనుకొనిరి. విద్యారణ్యుల పంచదశి నేటికిని వేదాంతవిద్యార్థులకు నిత్యపాఠ్యము. రెండవది జలము. పురాణసంప్రదాయము పుత్రుడు, తటాకము, కావ్యము, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము అను ఏడింటిని సప్తసంతానములని కీర్తించినది. రాయలసీమయందు వీనిలో తటాకమునకే అగ్రస్థానము లభించెను.

బుక్కరాయల పుత్రుడు భాస్కరుడు పోరుమామిళ్లలో చెరువు నిర్మించి 1369లో శాసనము వేయించెను. మంచి తటాకమునకు పండ్రెండు అంగములు, వర్జింపవలసిన ఆరు దోషములు అందు చెప్పబడినవి. ధర్మపరుడైన ప్రభువు, జలశాస్త్రజ్ఞుడైన బ్రాహ్మణుడు, గట్టినేల, మధురజలము గల నది, కొండలనడుమ దృఢమైన రాతికట్ట, నిపుణులైన పనివారు మొదలైనవి అంగములు. కట్టనుండి నీరూరుట, చవుడునేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ నేల కూర్మపృష్ఠమువలె ఉబ్బియుండుట మొదలైనవి దోషములు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండు సంవత్సరములు శ్రమించినట్లు కూడ శాసనము చెప్పుచున్నది. మంత్రశాస్త్రమున జపమునకు అంగములును, లోపమునకు దోషములును చెప్పబడునట్లే ఇచ్చట మట్టికిని రాతికిని విధి చెప్పబడినది.

1388 నాటి మరియొక శాసనము ఇంతకంటె విశేషమైనది. హరిహరరాయల కుమారుడు ప్రతాపబుక్కరాయలు పెనుగొండలో నుండగా, ప్రాణులకు జలమే ప్రాణమని తలచి, పెన్నానీటిని పెనుగొండకు తేవలసినదని జలసూత్రజ్ఞుడు సింగయభట్టును నిండుకొలువున ఆజ్ఞాపించెను. సింగయభట్టు కాలువ త్రవ్వించి సిరువేర చెరువునకు నీరు మళ్లించి, ఆ కాలువకు రాజకుమారుని పేరే పెట్టెను. పదివిద్యలలో చక్రవర్తియని అతనికి ప్రశంస. నేలవాలు నెరిగి నదిని నడిపించినవాడే ఆ కాలపు మాంత్రికుడు.

ఇట్టి విద్య వెనుక త్యాగమున్నదని జానపదులు మరువలేదు. అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రము చెరువుకట్ట తెగనున్నప్పుడు, బసిరెడ్డి కడపటి కోడలు ముసలమ్మ బలియైన కట్ట నిలుచునని ఆకాశవాణి పలికెనట. ఆమె గండిలో ప్రవేశించి ఊరిని కాపాడెనని కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘ముసలమ్మ మరణము’ కావ్యమునకు ఇదియే వస్తువు. పేరు రాజుది, ప్రాణము కాపుకోడలిది.

పదునారవ శతాబ్దమున వైభవము శిఖరమునందెను. అచ్యుతరాయల కాలమున లేపాక్షి వీరభద్రాలయము విరూపణ్ణచే రూపొందెను. నేలనంటని స్తంభము, కప్పుపైని వర్ణచిత్రములు, మహానంది నేటికిని చూపరులను నిశ్చేష్టులను చేయును. కాని అచ్చటి కల్యాణమంటపము అసంపూర్ణము. రాజధనమును ఆలయమునకు వెచ్చించెనను అభియోగముపై విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు విసరెనని స్థలకథ. కథ యథార్థమగుగాక, కాకపోవుగాక, ధనము చుట్టును అనుమానము పెరిగిన కాలమును అది సూచించుచున్నది.

పిమ్మట అళియరామరాయలు సదాశివరాయలను నామమాత్రప్రభువుగ నుంచి అధికారమంతయు తానే వహించెను. దక్కను సుల్తానుల పరస్పరవైరములనే ఆయుధములుగ చేసికొని ఒకరిపై నొకరిని ప్రయోగించెను. అట్టి కూటనీతి ఫలించినంతకాలము సిద్ధివలె కనిపించును. తుదకు ఆ సుల్తానులే ఏకమైరి. 1565 జనవరి 23న రక్కసి-తంగడి యుద్ధమున రామరాయలు శిరచ్ఛేదము పొందెను. తిరుమలరాయలు సదాశివరాయలతో, ఏనుగులపై కెత్తిన ధనరాశితో పెనుగొండ చేరెను. రక్షకులులేని మహానగరము మాసములతరబడి దోపిడికి గురియాయెను. నగరపునాదులలో కురిసిన కనకము నగరమును రక్షింపలేకపోయెను.

పెనుగొండ రాజధానియై కొంతకాలము సామ్రాజ్యమును నిలిపినది. 1577లో బిజాపురసేనల ముట్టడిని తట్టుకొన్నది. క్రమముగ రాజపీఠము చంద్రగిరికి, వేలూరునకు తరలి, పాలెగాండ్ర కాలము వచ్చెను. ఏనుగులపై తెచ్చిన ధనములో ఒక వరహాయైనను నేడు పెనుగొండలో కానరాదు. బుక్కరాయసముద్రమను పేరు మాత్రము ఆ నేలపై నిలిచియున్నది.

భక్తులు గ్రహింపవలసినది ఇచ్చటనే కలదు. కనకవృష్టి కథను పారాయణము చేయువారు అనేకులు, సింగయభట్టు పేరెరిగినవారు అరుదు. అనావృష్టికాలమున వరుణజపములు జరుగుచున్నవి. జరుగవలసినదే, అది శాస్త్రవిహితము. కాని పూడికతో నిండిన చెరువు గట్టున కూర్చుండి వర్షమును యాచించుట, చిల్లుపాత్రతో తీర్థమునకు చేయిచాచుట వంటిది. వరుణుడు అనుగ్రహించినను ఆ జలము నిలుచునెచ్చట? వాగుదారులను మూసివేసి అభిషేకజలమునకు వెదకుకొనుటలో భక్తి యెంత, ప్రమాదమెంత అని ప్రతి గ్రామమును ఆలోచింపవలెను.

పూర్వులకు జపమును, కట్టయు వేరువేరు కర్మలు కావు. ప్రభువు కీర్తిని కోరి, పండితుడు శాస్త్రమును ధారపోసి, శ్రామికుడు చెమటోడ్చి కూడి చేసినది యజ్ఞమే. ఆ యజ్ఞబుద్ధి యున్నంతకాలము విజయనగరము మహిమాన్వితము. స్వార్థము ప్రవేశించిన నాటినుండి అదియొక ధనాగారము మాత్రమే, ధనాగారములకు దొంగలు తప్పరు. తెగిన కట్టకు తిరిగి ఒక తట్టెడు మట్టి వేయువాడు విద్యారణ్యుల సంకల్పమునకు నేటి వారసుడు.

స్వస్తి.