నాలుగు గంటల పెనుకొండ

పెద్ద పెద్ద ఓడల్లో దేశాలు తిరిగే యాత్రికుల సంగతి మీరు వినే ఉంటారు. పొద్దున రేవులో దిగుతారు, సాయంత్రం కూత వేసేలోగా మళ్ళీ ఓడెక్కాలి. ఆ కాస్త వ్యవధిలోనే గుడి, కోట, బజారు అన్నీ చుట్టేస్తారు. మన విశాఖపట్నంలో కూడా 2023లో అలాంటివారి కోసం ప్రత్యేకంగా టెర్మినల్ ప్రారంభించారు. అనంతపురం సీమలో పుట్టిన మాకు సముద్రమేదీ, ఓడేదీ? మా ఓడ రైలుబండే. మా రేవులు ధర్మవరం, పెనుకొండ, హిందూపురం.

మొన్న పెళ్ళి చీరల కోసం నేనూ మా అత్తగారూ ధర్మవరం వెళ్ళాం. క్రియాశక్తి ఒడయరు చెరువు తవ్వించి, తల్లి ధర్మాంబ పేర ఈ ఊరు కట్టించాడని చెబుతారు. అమ్మ పేరు పెట్టుకున్న ఊరు ఆడవాళ్ళ చీరలతోనే పేరు తెచ్చుకోవడం బాగుంది కదండీ! బేరాలు తొందరగా తెమిలాయి. ఇక హిందూపురం వెళ్ళి ఆడపడుచు ఇంట్లో పడుకోవడమే.

కొత్తకోడలుగా వచ్చిన నాటి నుంచీ మా అత్తగారు ఈ దారినే తిరుగుతున్నారు. రైలు కిటికీలోంచి పెనుకొండ కనబడగానే చెయ్యెత్తి దండం పెడతారు. "ఒకసారి దిగి సూడాల మ్మే" అంటారు. ఒకసారి చంకలో పిల్ల, ఒకసారి మామగారికి కోపం, ఒకసారి బియ్యం మూట. అలా యాభై ఏళ్ళు గడిచాయి. ఇప్పుడేమో మోకాళ్ళ నొప్పులు.

"ఈసారి దిగుదాం అత్తా, నాలుగు గంటల తర్వాత ఇంకో బండి ఉంది" అన్నాను. మావారికి ఫోన్ చేస్తే, "ఆ ఎండలో రాళ్ళు చూడ్డానికా?" అన్నారు. ఆయన్ని అడిగిందెవరు, చెప్పామంతే!

స్టేషను దగ్గర ఆటో మాట్లాడుకున్నాం. నాలుగు గంటల్లో కొండెక్కాలని ఆశపడకూడదు. కింద ఊళ్ళో ఉన్నదే చాలు. పక్కపక్కనే రాముడి గుడీ, శివుడి గుడీ. రామాలయం గోడల మీద రామాయణం రాళ్ళలో నడుస్తుంది. అత్తగారు ఒక్కొక్క బొమ్మా వేలితో చూపిస్తూ కథ చెబుతూ పోయారు. చదువుకున్న నాకంటే ఆవిడే త్వరగా పోల్చుకున్నారు. పక్కనే షేర్‌ఖాన్ మసీదు. ఊళ్ళోనే బాబయ్య దర్గా, అక్కడ హిందువులూ మొక్కుకుంటారు. పార్శ్వనాథుడి జైన ఆలయమూ ఉంది. ఇన్ని మతాలవాళ్ళు ఒక్క కొండ కిందే కాపురమున్నారు.

తర్వాత గగన్‌మహల్. కమాన్లు ముసల్మానుల పద్ధతి, పైన శిఖరం మన గుడి పద్ధతి. ఆ మెట్ల మీద బొరుగులు తింటూ అత్తగారికి నాకు తెలిసిన చరిత్ర చెప్పాను.

1354 నాటికే బుక్కరాయలు పెనుకొండ సీమను కొడుకు వీరవిరూపణ్ణకు అప్పగించాడు. అంటే విజయనగరం తొలినాళ్ళ నుంచీ ఇది పెద్ద కోటే. 1565లో తళ్ళికోట యుద్ధంలో అళియ రామరాయలు పడిపోయాడు. తమ్ముడు తిరుమలరాయలు పేరుకు రాజైన సదాశివరాయల్నీ, ఖజానానీ తీసుకుని హంపీ వదిలి ఇక్కడికి చేరాడు. ఆ సంపద 550 ఏనుగుల మీద తరలిందని పాశ్చాత్యులు రాశారు. కొద్ది రోజుల్లోనే శత్రుసైన్యం హంపీని దోచి తగలబెట్టింది.

తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోలేదు. తిరుమలరాయలు ఆరవీటి వంశపు తొలి రాజయ్యాడు. రామరాజభూషణుడు 'వసుచరిత్ర' అంకితమిచ్చింది ఆయనకే. బిజాపూరు, గోలకొండ సైన్యాలు వచ్చిపడ్డా కోట నిలబడింది. 1592 ప్రాంతంలో వెంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చాడు. సామ్రాజ్యానికి పెనుకొండ పాతికేళ్ళ మజిలీ అన్నమాట.

అత్తగారు అంతా విని, కొంగుతో చెయ్యి తుడుచుకుని, "ఏనుగుల లెక్క రాసినారు. ఆ ఊర్లో ఆడోళ్ళు, పిల్లోళ్ళు యాడికి పోయినారో ఆ లెక్క రాయలేదా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. బండి వేళయింది, లేచాం.

మర్నాడు హిందూపురం నుంచి లేపాక్షి వెళ్ళాం. పదిహేను కిలోమీటర్లే. అచ్యుతరాయల కాలంలో పెనుకొండ సీమ అధికారి విరూపణ్ణ కట్టించిన గుడి అది. రాజు సొమ్ము గుడికి ఖర్చు చేశాడని నింద వస్తే, తన కళ్ళు తానే పీకి గోడకు విసిరాడని కథ. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి సంబరపడుతున్నారు. మా అత్తగారు మాత్రం మెడ పైకెత్తి మంటపం పైకప్పు చూస్తూ నిలబడిపోయారు. అక్కడ బొమ్మల్లో వరసగా ఆడవాళ్ళు. కొప్పులు, నగలు, ఒకరిని పోలిన చీర ఇంకొకరికి లేదు. గీతలు, గళ్ళు, పూలు, హంసలు. ఆ బొమ్మలు వేసింది తళ్ళికోటకు పాతికేళ్ళకు పైగా ముందు.

అత్తగారు సంచి తెరిచి, నిన్న కొన్న పట్టుచీర అంచు బయటికి తీసి, పైన బొమ్మతో పోల్చి చూశారు. "అబ్బ! మన ధర్మారం అంచే మ్మే!" అన్నారు. కాసేపాగి నెమ్మదిగా, "లెక్క రాయకపోతే పోనీలే. ఎవరో పుణ్యాత్ముడు బొమ్మలన్నా ఏసి పెట్టినాడు" అన్నారు.

ఇంటికి రాగానే మావారు, "ఎలా ఉన్నాయి రాళ్ళు?" అని అడిగారు. మా అత్తగారు కొడుకు వంక చూసి, "వచ్చే నెల్లో మళ్ళీ పోతాండాం. ఈసారి నువ్వూ రా, సంచి మోసేకి ఒకరుండాల" అన్నారు.