గోల్ఫ్ గ్రిప్

గోల్ఫ్‌లో క్లబ్‌ను రెండు చేతులతో పట్టుకునే పద్ధతిని గ్రిప్ అంటారు. ఆటగాడి శరీరం క్లబ్‌ను తాకేది ఇక్కడొక్కచోటే. అందువల్ల బంతిని కొట్టే క్షణంలో క్లబ్ ముఖం ఎటు తిరిగి ఉంటుందన్నది చాలావరకు గ్రిప్ మీదే ఆధారపడుతుంది.

రకాలు: కుడి చిటికెనవేలిని ఎడమచేతి వేళ్లపై ఆనిస్తే ఓవర్‌ల్యాపింగ్ గ్రిప్. బ్రిటిష్ ఓపెన్‌ను 6 సార్లు గెలిచిన హ్యారీ వార్డన్ (1870–1937) వల్ల ఇది ప్రాచుర్యం పొందింది. అదే వేలిని ఎడమ చూపుడువేలితో పెనవేస్తే ఇంటర్‌లాకింగ్. జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్ ఇలాగే పట్టుకుంటారు. పది వేళ్లూ క్లబ్‌పైనే ఉంచడం మూడో రకం.

బంతి గమనంపై ప్రభావం: కుడిచేతివాటం ఆటగాడు కిందికి చూస్తే ఎడమచేతి మెటికలు సుమారు రెండు కనబడడం న్యూట్రల్ గ్రిప్. చేతులు కుడికి తిరిగి మూడు, నాలుగు కనబడితే స్ట్రాంగ్. ఎడమకు తిరిగి ఒకటే కనబడితే వీక్. స్ట్రాంగ్ గ్రిప్‌తో క్లబ్ ముఖం మూసుకుపోయి, బంతి తక్కువ ఎత్తులో వెళ్లి ఎడమకు వంగుతుంది. ఈ వంపు కొద్దిగా ఉంటే డ్రా, మితిమీరితే హుక్. వీక్ గ్రిప్‌తో ముఖం తెరుచుకుని బంతి ఎత్తుగా లేచి కుడికి వంగుతుంది. ఇది ఫేడ్, ఎక్కువైతే స్లైస్.

బంతి బయలుదేరే దిశను ప్రధానంగా క్లబ్ ముఖమే నిర్ణయిస్తుంది. వంపు మాత్రం ముఖానికీ స్వింగ్ దారికీ ఉన్న తేడా వల్ల వస్తుంది. అందుకే గ్రిప్ ఒక్కటి మార్చినంత మాత్రాన ప్రతి లోపమూ పోదు. అమెరికా ఆటగాడు బెన్ హోగన్ తన హుక్‌ను అదుపు చేయడానికి గ్రిప్‌ను వీక్ వైపు మార్చుకున్నాడు. ఎడమచేతివాటం వారికి ఈ దిశలన్నీ తారుమారవుతాయి.