జేబుదొంగ ఒక్కడే కాదు

ఉప్పల్‌లో మ్యాచ్ ఉందంటే సీతాఫల్‌మండి, తార్నాక, హబ్సిగూడల మీదుగా జనమంతా ఒకే దిక్కుకు కదులుతారు. ఆ రద్దీలో జేబుదొంగలుంటారు, బ్లాకులో టికెట్లమ్మేవాళ్లుంటారు. కానీ మన నగరంలో క్రికెట్ జనానికి తగిలిన పెద్ద దెబ్బలు వీళ్లు కొట్టినవి కావు.

1955లో ఫతే మైదాన్‌లో హైదరాబాదు తొలి టెస్టు జరిగింది. న్యూజిలాండ్‌పై ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడి తొలి డబుల్ సెంచరీ అది. 1969 అక్టోబరులో అదే జట్టు మళ్లీ వచ్చేనాటికి ఊరు వేరు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉస్మానియా క్యాంపస్‌ను, నగరాన్ని కుదిపేసిన ఏడాది. యూనిఫారాన్ని చూస్తే జనానికి కోపం, జనాన్ని చూస్తే యూనిఫారానికి అనుమానం. మన జట్టు 89కే కుప్పకూలిన ఆ టెస్టులో, మైదానంలోకి పరుగెత్తిన ఒక కుర్రాణ్ని భద్రతా సిబ్బంది కొట్టడంతో ప్రేక్షకులు తిరగబడ్డారు. ఆ గొడవకు మూలం ఏ దొంగా కాదు.

2005లో ఉప్పల్‌లో తొలి వన్డే జరిగింది. 2008లో ఐపీఎల్ వచ్చాక రాత్రి మ్యాచ్‌లు పెరిగాయి, అర్ధరాత్రి ఇళ్లకు మళ్లే జనమూ పెరిగారు. బెట్టింగ్ ఫోన్లలోకి ఎక్కింది. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో తెలంగాణ సవరించి ఆన్‌లైన్ పందేలనూ నిషేధించింది. అయినా బెట్టింగ్ అప్పులు తీర్చడానికి గొలుసులు తెంపి పట్టుబడిన కుర్రాళ్ల వార్తలు ఆగలేదు. ఆటకూ వీధి నేరానికీ అసలైన ముడి ఇక్కడుంది. అది మ్యాచ్ రోజు స్టేడియం గేటు దగ్గర కనిపించదు, తర్వాతెప్పుడో ఏ సందులోనో బయటపడుతుంది.

జనాన్నే అనుమానిస్తూ పోతే ఏమవుతుందో ఇంగ్లండు చూసింది. అక్కడ ఒకప్పుడు ఫుట్‌బాల్ అభిమానులను రౌడీమూకగానే చూడటం అలవాటైంది. వాళ్లను ఆపడానికి కట్టిన కంచెల వెనక 1989లో హిల్స్‌బరో స్టేడియంలో నలిగి 97 మంది చనిపోయారు. తప్పు అభిమానులది కాదని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది.

2022 సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర జరిగింది అంత ఘోరం కాకపోయినా, దారి అదే. 2019 డిసెంబరు తర్వాత అప్పటిదాకా ఉప్పల్‌కు అంతర్జాతీయ మ్యాచే రాలేదు. ఆస్ట్రేలియాతో టీ20 టికెట్ల కోసం వేలమంది తెల్లవారకముందే వరుస కట్టారు. తొక్కిసలాట జరిగింది, లాఠీలు లేచాయి, కొందరు ఆసుపత్రి పాలయ్యారు. ఎన్ని టికెట్లున్నాయో, ఎన్ని కౌంటర్లు తెరుస్తారో ముందురోజే చెప్పి ఉంటే అంతమంది ఆ గేటు దగ్గరకు వచ్చేవారా? బందోబస్తు లెక్కలు అడిగేవాళ్లు ముందుగా అడగాల్సింది ఆ టికెట్ల లెక్క.