లాకు పక్కన ఇల్లు, హాస్టల్ పక్కన ఇల్లు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పశ్చిమ డెల్టాకు గోదావరి నీళ్లు వచ్చాయి. విజ్జేశ్వరం వైపు నుంచి తాడేపల్లిగూడెం మీదుగా సాగే ఏలూరు కాలువ ఆ రోజుల్లో పడవలకు కూడా దారి. పడవ ఏ వేళ వచ్చినా లాకు తలుపులు తియ్యాలి. వరదొస్తే రాత్రంతా గట్టు కాయాలి. అందుకే లస్కర్లకు, లాకు సిబ్బందికి కాలువ గట్టునే ఇళ్లు కట్టించారు. రాత్రి కూడా మనిషి అవసరమైన చోట సర్కారే ఇల్లిచ్చిందన్నమాట.

1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు జిల్లా కేంద్రమైంది. ఆఫీసులూ క్వార్టర్లూ పట్నంలోనే పెరిగాయి. కొల్లేటి లంక గ్రామాల్లో, బుట్టాయగూడెం, పోలవరం కొండ పల్లెల్లో పనిచేసేవారికి మాత్రం ఆ వసతి అరుదు. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే ఉద్యోగులను చూస్తూ మనవాళ్లు పెరిగారు.

ఏజెన్సీలో దీనికి ఇంకో కారణమూ ఉంది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించాక, అంటే 1/70 చట్టం వచ్చాక, గిరిజనేతరులు అక్కడ స్థలం కొనడానికి వీల్లేదు. ఆ చట్టం మన భూమికి కంచె, దాన్ని సడలించమని ఎవరూ అడగకూడదు. బయటి నుంచి వచ్చే ఉద్యోగికి ఇల్లు చూపించాల్సింది ప్రభుత్వమే.

2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. సొంత ఊళ్లో ఇల్లున్న టీచరుకు క్వార్టరు లేకపోయినా బడి నడిచింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. దాంతో ఇంటి సమస్య మళ్లీ ముందుకొచ్చింది.

వార్డెన్లమైన మాకు ఇది రోజూ ఉండే సమస్యే. మాలో చాలామందిమి స్టోర్‌రూములో బియ్యం బస్తాల పక్కన మంచం వేసుకుని ఏళ్లు గడిపాం. మా పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి హాస్టల్ పిల్లల దగ్గర పడుకున్నాం. ఒక వానాకాలం అర్ధరాత్రి ఆరో తరగతి పాపకు చలిజ్వరం ముదిరి మాట తడబడింది. గోడ అవతలే ఉన్నాం కాబట్టి మూలుగు వినిపించింది, ఆటో మాట్లాడి తెల్లారేలోపు ఆసుపత్రిలో చేర్చాం. పాప బతికింది. మేము ఏలూరులో అద్దె ఇంట్లో ఉండి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేం.

క్వార్టరులో ఉంటే ఇంటి అద్దె భత్యం రాదు. అయినా మాకు క్వార్టరే కావాలి. రెండు గదులు, వంటిల్లు, స్నానాలగది చాలు.

గ్రామసభల్లో కూర్చునే పెద్దలకు, సంఘం నాయకులకు మా మనవి ఒక్కటే. కొత్త హాస్టల్ భవనం అడిగినప్పుడు, అదే ఎస్టిమేట్‌లో వార్డెన్ ఇల్లు కూడా రాయించండి. కాలువ నీటికి రాత్రి కాపలా కావాలని నూట డెబ్బై ఏళ్ల కిందటే తెలుసుకున్న సర్కారుకు, మన పిల్లలకూ ఆ కాపలా కావాలని గుర్తుచేద్దాం.